కాంతికి మాఱు రంగులు – వానికి ఆశ్రయమిచ్చు పాలిమరులు

రంగునకు ఎండ పగ యని నేతపనివారి కెల్లరకును తెలిసిన విషయమే. రంగు అద్దిన నూలును నీడపట్టున ఆఱవేయుట, చీరను తిరుగవేసి ఆఱగట్టుట ఈ యెఱుకనుండి పుట్టిన అలవాట్లు. తెలంగాణమునుండి తరలిపోయి సోలాపురమునందును, భివండియందును స్థిరపడిన పద్మశాలి కుటుంబములకు ఈ జాగ్రత్తను గూర్చి వేఱుగ చెప్పవలసిన పనిలేదు. దుప్పటి కొనువాడు మొదట అడుగు ప్రశ్న “రంగు నిలుచునా?” అనునదియే.

అయితే ఎండ తగిలినంతనే మాఱి, ఎండ తొలగిన పిమ్మట మరల మొదటి స్థితికి వచ్చు రంగులును కలవు. అట్టి రంగులను ప్లాస్టిక్కులో నిమిడ్చి చేసిన కంటియద్దములు నేడు పట్టణములందు విరివిగా అమ్ముడుపోవుచున్నవి. ఇంటిలో తేటగానుండి, వీథిలోనికి వచ్చిన కొలది సేపటికే నల్లబడు అద్దము లివియే. ఇట్టి స్వభావమే గల మఱికొన్ని రంగులను వేఱొక విధమగు ప్లాస్టిక్కు పొరలో చేర్చినచో, ఆ పొర వెలుగు సోకినపుడు వంగును, కుంచించుకొనును. చక్రమును సైతము త్రిప్పగలదు. వెలుగు ఒక రంగును వెలిసిపోజేయుటకును, ఒకదానిని నల్లబఱచుటకును, మఱొకదానిచే పని చేయించుటకును కారణమేమి? ఈ ప్రశ్నకు సమాధానము సగము రంగు అణువులో నున్నది. సాధారణముగ ఎవరును తలపని రెండవ సగము ఆ యణువునకు ఆశ్రయమిచ్చిన పదార్థములో నున్నది. ఆ రెండింటిని వివరించుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

పాలిమరు అనగా నేమి?

పరమాణువులు కూడి అణువగును. నీటి అణువులో పరమాణువులు మూడే. ఇట్టి చిన్న అణువులు గాక, వందలు వేలుగా ఒకదానికొకటి ముడివడి గొలుసులవలె నేర్పడిన బృహదణువులును ప్రకృతిలో గలవు. వానికే పాలిమరులని పేరు. గ్రీకుభాషలో ‘పాలి’ అనగా అనేకము, ‘మెరొస్’ అనగా భాగము. ఇంత దీర్ఘమగు గొలుసులు నిజముగా నుండునని 1920లో జర్మను శాస్త్రజ్ఞుడు హెర్మన్ స్టౌడింగర్ ప్రతిపాదించినపుడు సమకాలికులలో పలువురు అంగీకరింపలేదు. 1953లో ఆయనకు నోబెల్ బహుమానము లభించునాటికి ఆ వాదము స్థిరపడినది.

ప్లాస్టిక్కు, రబ్బరు, నైలాను మొదలగునవి పాలిమరులే. ప్రత్తినూలు కూడ పాలిమరే. దానిలోని సెల్యులోజు గ్లూకోజు అణువుల గొలుసు. కావున రంగు అద్దిన నూలుపోగు అనగా రంగు అణువులను తనలో నిముడ్చుకొన్న పాలిమరే యని చెప్పవచ్చును. ఈ శాస్త్రము నేతయింటికి పరాయిది కాదు.

మ్రింగిన వెలుగు ఏమగును?

తెల్లని వెలుగులో అనేక వర్ణముల కాంతి కలసియున్నది. రంగుపదార్థము అందు కొన్ని వర్ణములను మ్రింగి తక్కినవానిని వదలిపెట్టును. వదలిన కాంతియే కంటికి దాని రంగుగా తోచును. మ్రింగిన కాంతి శక్తిరూపమైనది. అది ఊరక మాయము కాదు. దానికి ముఖ్యముగా మూడు మార్గములు గలవు. మొదటిది, వేడిగా మాఱిపోవుట; నిలుకడగల రంగులలో జరుగునది యిదియే. రెండవది, అణువులోని బంధమును త్రెంచుట, లేక గాలిలోని ప్రాణవాయువుతో కలిపి అణువును చెఱచుట. చెడిన అణువు మరల రాదు, బట్ట వెలిసినదందుము. మూడవ మార్గము విచిత్రమైనది. అణువు విఱుగదు, చెడదు. తన రూపమును మాత్రము మార్చుకొనును. పరమాణువులు అవియే, వాని సంఖ్య అదియే, అమరిక మాత్రము వేఱు. ఇట్లు పరమాణువులు సమానమై అమరికలో భేదించు అణువులను సాదృశ్యకములందురు. రెండు సాదృశ్యకములు వేఱువేఱు వర్ణములను మ్రింగును గనుక రూపముతోపాటు రంగును మాఱును.

ఇట్టి మార్పు మొదట గమనింపబడినది ద్రావణములందు. 1867లో సెయింట్ పీటర్స్‌బర్గు నగరమున ఫ్రిట్జ్‌షే అను శాస్త్రజ్ఞుడు టెట్రసీను అను పదార్థపు నారింజవన్నె ద్రావణము పగటివెలుగులో వన్నె కోల్పోయి చీకటిలో మరల పొందుట చూచెను. 1899లో మార్క్‌వాల్డ్ ఘనపదార్థములందును ఇట్టి మార్పును వర్ణించెను. 1950లో ఇజ్రాయెల్ దేశీయుడగు హిర్ష్‌బర్గ్ ‘ఫోటోక్రోమిజమ్’ అను పేరును ప్రవేశపెట్టెను. గ్రీకున ‘ఫోస్’ వెలుగు, ‘క్రోమా’ రంగు. తెలుగున దీనిని కాంతివర్ణత్వమనవచ్చును.

రెండు జాతుల అణువులు

కాంతికి మాఱు అణువులు పలుజాతులవి. వానిలో రెండింటి నెఱిగిన చాలును.

మొదటిది అజోబెంజీను. దీనిని 1834లో జర్మను రసాయనజ్ఞుడు మిచర్లిఖ్ తయారుచేసెను. రెండు నత్రజని పరమాణువులు ద్విబంధముతో జతగూడి నడుమ నిలువగా, ఒక్కొక్కదానికి ఒక్కొక్క బెంజీను వలయము తగిలియుండును. దీనికి రెండవ రూపము గలదని తెలియుటకు నూఱేండ్లకు పైగా పట్టినది. 1937లో హార్ట్‌లీ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు వెలుగు సోకిన ద్రావణమునుండి ఆ రూపమును వేఱుచేసి చూపెను. మొదటి రూపమున రెండు వలయములును చెఱియొక దిక్కునకు చాచిన చేతులవలె నుండును. దీనిని ట్రాన్స్ రూపమందురు. రెండవదానిలో అవి ఒకే ప్రక్కకు మడిగియుండును; ఇది సిస్ రూపము. చాచిన రూపమున అణువు కొననుండి కొనకు సుమారు 0.9 నానోమీటరు, మడిగినపుడు సుమారు 0.55 నానోమీటరు. నానోమీటరనగా మిల్లీమీటరులో పదిలక్షవ వంతు. 365 నానోమీటర్ల తరంగదైర్ఘ్యముగల అతినీలలోహిత కాంతి చాచిన అణువును మడుచును. సుమారు 450 నానోమీటర్ల నీలికాంతి గాని, వేడి గాని మడిగినదానిని మరల చాచును. ఇచట గమనింపదగినది, అణువు తన పొడవులో మూడవ వంతునకు మించి కుదించుకొనుట.

నత్రజని పరమాణువుల ఈ జంటకే అజోబంధమని పేరు. నాఫ్తాల్ అద్దకమున నూలును మొదట నాఫ్తాల్ ద్రావణమునందును, పిమ్మట డయజో లవణపు ద్రావణమునందును ముంచినపుడు పోగులోపలనే ఎఱుపు పుట్టునుగదా. ఆ ఎఱుపు అజోరంగే. మఱి ఆ రంగు ఎండకు రూపము మార్చుకొనదేల యను సందేహము కలుగవచ్చును. నాఫ్తాల్ జాతి రంగులలో అజోబంధమునకు చెంతనే యొక ఉదజని పరమాణువు అటునిటు జరుగుట కనువుగా నుండును. ఆ సర్దుబాటువలన మ్రింగిన శక్తి అతిత్వరితముగా వేడియై పోవును. మఱికొన్ని అజోరంగులలో అణువు మడిగినను క్షణములోపలనే తిరిగి చాచుకొనును గనుక మార్పు కంటికందదు. అద్దకమునకు ఇదియే మేలు. అజోరంగులను గూర్చి మఱొక మాటయు చెప్పవలసియున్నది. వానిలో కొన్ని విఱిగినపుడు దేహమునకు హానిచేయు అమైనులు వెలువడును. అట్టివానిని భారత ప్రభుత్వము 1990 తరువాతి దశాబ్దమున నిషేధించినది. అనగా అజో అను పేరుగల ప్రతి రంగును విషమని కాదు. ఏ అమైనునుండి తయారైనదో దానినిబట్టి గుణదోషములు నిర్ణయింపబడును.

రెండవ జాతి స్పైరోపైరాను, నాఫ్తోపైరాను మొదలగునవి. స్పైరోపైరాను అణువులో రెండు భాగములు ఒకదానికొకటి అడ్డముగా నిలిచియుండును. ఒక వలయము వానినట్లు బిగించియుంచును. ఈ స్థితిలో అది కంటికి కనబడు కాంతిని దాదాపు మ్రింగదు, కావున వన్నెలేనిది. అతినీలలోహిత కాంతి సోకినపుడు వలయములోని ఒక బంధము విడిపోవును. చాపచుట్ట విప్పి పఱచినట్లు అణువు చదునుగా పఱచుకొనును. అప్పుడది దృశ్యకాంతిని మ్రింగ నారంభించి ముదురు నీలివన్నె దాల్చును. కాంతి తొలగినపుడు చుట్టునున్న వేడియే వలయమును మరల మూయును. నేటి ప్లాస్టిక్కు కంటియద్దములలో విశేషముగా వాడబడునవి నాఫ్తోపైరానులు. వానియందును వలయము విచ్చుటయు, మూసికొనుటయు జరుగును.

ఆశ్రయముయొక్క ప్రభావము

ద్రావణములో అణువు స్వేచ్ఛగా మసలును. ఘనపదార్థములో అట్లు కాదు. పాలిమరు గొలుసులు దానిని చుట్టుముట్టియుండును. రూపము మార్చుకొనుటకు అణువునకు చోటు కావలయును. పాలిమరు ఎంత దట్టమైనదైనను గొలుసుల నడుమ కొంత ఖాళీ మిగులును. ఆ ఖాళీ చాలినచో రంగు త్వరగా మాఱును. చాలనిచో వెలుగు ఎంత సోకినను అణువు కదలలేదు, లేదా మిక్కిలి మెల్లగా కదలును. అంతియేగాక ఇట్టి పాలిమరులలో ఒక్కొక్కదానికి ఒక్కొక్క ఉష్ణోగ్రతాపరిధి గలదు. దానికి దిగువన గొలుసులు బిగిసి పదార్థము గాజువలె గట్టిగానుండును. ఎగువన సడలి మెత్తనగును. ఒకే రంగు అణువు మెత్తని ఆశ్రయమున క్షణములలో చేయు పనిని గట్టి ఆశ్రయమున నిమిషములు గడచినను పూర్తిచేయలేకపోవచ్చును.

కంటియద్దములు చేయువారికి ఎదురైన చిక్కు ఇదియే. 1964లో అమెరికాలోని కార్నింగ్ సంస్థవారు ప్రకటించిన మొదటి అద్దములలో ఈ చిక్కు లేదు; అవి గాజులో వెండిలవణపు సూక్ష్మకణములను ఇమిడ్చి చేసినవి. 1990 ప్రాంతమున తేలికైన ప్లాస్టిక్కు అద్దములు విపణికి వచ్చినప్పుడు సేంద్రియ రంగులు అవసరమైనవి. గీతలు పడకుండుటకు ప్లాస్టిక్కు గట్టిగానుండవలయును. రంగు మాఱుటకు మెత్తగానుండవలయును. ఈ రెండు కోరికలును ఒకచోట పొసగవు. అందుచే రంగును అద్దముయొక్క పైపొరలోనో, ప్రత్యేకముగా పూసిన పూతలోనో నిలిపి, దానిమీద గీతలకు ఓర్చు మఱొక పలుచని గట్టిపూత పూయుట వాడుకయైనది.

ఈ అద్దములు ధరించువారు తెలిసికొనవలసిన సంగతులు కొన్ని ఇందుండియే తేలుచున్నవి. వెలుగు అణువును విప్పుచుండగా వేడి దానిని మూయుచుండును. కనుక చలికాలపు ఎండలో నల్లబడినంతగా అదే అద్దము రోహిణీకార్తె ఎండలో నల్లబడదు. అద్దము చెడినదని దుకాణదారుతో తగవుపడ నక్కఱలేదు. అది దాని స్వభావము. కారు ముందుటద్దము అతినీలలోహిత కాంతిని చాలవఱకు అడ్డగించును గనుక బండి నడుపువారికి సాధారణపు కాంతివర్ణక అద్దములు తగినంతగా నల్లబడవు. నల్లబడుటకు కొలది సేపే పట్టినను తిరిగి తేటపడుటకు కొన్ని నిమిషములు పట్టును. మిట్టమధ్యాహ్నపు ఎండనుండి చీకటి యింటిలోనికి వచ్చు వృద్ధులు ఆ నిమిషములలో మెట్లు దిగరాదు. అద్దములు తీసి నిలుచుట క్షేమము. ఇక సూర్యగ్రహణమును చూచుటకు ఈ అద్దములు ఎంతమాత్రము పనికిరావు.

రంగు కదలినపుడు ఆశ్రయము కదలుట

ఇంతవఱకు చెప్పబడినది ఆశ్రయము రంగును శాసించు విధము. రంగు ఆశ్రయమును శాసించుటయు గలదు. అది రంగును పాలిమరులో చేర్చిన పద్ధతినిబట్టి యుండును. బియ్యములో పసుపు కలిపినట్లు ఊరక కలుపుట ఒక పద్ధతి. ఇందు అణువు మాఱినను గొలుసునకు పెద్దగా తెలియదు. గొలుసునకు ప్రక్కకొమ్మవలె రంగు అణువును బంధించుట రెండవది. రెండు గొలుసులను కలుపు ముడిగా దానిని నిలుపుట మూడవది. బంధము దగ్గఱైన కొలది అణువుయొక్క కదలిక గొలుసునకు ఎక్కువగా సోకును.

వెలుగుతో పదార్థమునకు దిశ కల్పింపవచ్చునని 1919లోనే జర్మను శాస్త్రజ్ఞుడు వైగర్ట్ ఫోటోగ్రాఫు పూతలపై చూపియుండెను. ధ్రువితకాంతి యనగా ఒకే తలమున కంపించు కాంతి. ఆ కంపనదిశకు సమాంతరముగా పడియున్న అజో అణువు కాంతిని మ్రింగి మడిగి, మరల చాచుకొనునపుడు కొంచెము ప్రక్కకు తిరుగును. ఇట్లు మాటిమాటికి తిరిగి తిరిగి, కాంతికి అడ్డముగా పడిననాడు దానిని మ్రింగలేక అచటనే నిలిచిపోవును. ఎండలో కట్టిన పశువు నీడ దొరకువఱకు మసలి, దొరకినచోట నిలిచినట్లు ఈ అణువులును నిలుచును. 1984లో బల్గేరియా శాస్త్రజ్ఞులు తొదొరోవ్, నికొలోవా, తొమోవా అనువారు పాలివినైల్ ఆల్కహాలు పొరలో మిథైల్ ఆరెంజి అను అజోరంగును కలిపి, ఈ విధముగా కాంతిచిత్రములను వ్రాసి చెఱపవచ్చునని చూపిరి. 1995లో కెనడాలోని కింగ్‌స్టన్ నగరమునను, అమెరికాలోని లోవెల్ నగరమునను వేఱువేఱుగా జరిగిన పరిశోధనలలో ఇంకొక వింత బయటపడినది. ఒకదానినొకటి దాటు రెండు లేజరు కిరణములు సోకగా అజోపాలిమరు పొర మీద చాళ్లు దున్నినట్లు మిట్టపల్లములు ఏర్పడినవి. పాలిమరు కరుగలేదు, గట్టిగానున్న స్థితిలోనే ఒకచోటినుండి మఱొకచోటికి జరిగినది. లోవెల్ బృందములో భారతీయ మూలములు గల సుకాంత్ త్రిపాఠీ, జయంత్ కుమార్‌లు పాల్గొనిరి.

ఇంతకంటె పెద్ద కదలిక ద్రవస్ఫటిక పాలిమరులలో సాధ్యమైనది. వీనిలో పుల్లలవంటి అణువులు మోపుగట్టిన కఱ్ఱలవలె ఒకే దిశను వరుసతీరియుండును. ఆ వరుసలో అజో అణువులును కలసియుండగా వెలుగు సోకినచో అవి మడిగిపోవును. మోపులో కొన్ని వంకరకఱ్ఱలు చేరిన తక్కినవియు పొందిక తప్పునట్లు వరుస యంతయు చెదరును. అంతట పదార్థము ఆ దిశను కుదించుకొని, అడ్డముగా విస్తరించును. 2001లో జర్మనీకి చెందిన ఫింకెల్‌మన్, ఇంగ్లండునకు చెందిన వార్నర్ ప్రభృతులు ఇట్టి రబ్బరు తన పొడవులో ఐదవ వంతు వఱకు కుదించుకొనుట చూపిరి.

2003లో జపానునందు యు, నకానో, ఇకెదా అను ముగ్గురు ఒక పలుచని పొరను వెలుగుతో వంచిరి. పొర వంగుటకు కారణము సులభగ్రాహ్యమే. అజో అణువులు అతినీలలోహిత కాంతిని గట్టిగా మ్రింగును గనుక అది పైపొరను దాటి లోనికి పోజాలదు. పైముఖము కుదించుకొనును, క్రిందిముఖము అట్లే యుండును; పొర వంగును. పచ్చి తాటాకు ఒకముఖము ముందుగా ఆఱినచో అటువైపు ముడుచుకొనుటవంటిదే యిది. ధ్రువితకాంతియొక్క దిశను మార్చిన కొలది పొర వంగు దిశయు మాఱినది. దృశ్యకాంతి సోకినంతనే మరల చదునైనది. 2008లో ఇకెదా బృందమువారే ఇట్టి పొరతో చేసిన పట్టెను రెండు చక్రములకు తొడిగి, ఒకవైపు అతినీలలోహిత కాంతిని, మఱొకవైపు దృశ్యకాంతిని ప్రసరింపజేయగా, తీగలు గాని యంత్రము గాని లేకయే పట్టె తిరుగుచు చక్రములను త్రిప్పినది.

కొఱతలు

ఈ ఫలితములను చూచి వెలుగుతో నడచు మగ్గములు రేపే రానున్నవని తలచుట తొందరపాటగును. మ్రింగిన వెలుగులో స్వల్పభాగమే పనిగా మాఱును. తక్కినది వేడియై పోవును. వంగు పొరలును, తిరుగు పట్టెలును ప్రధానముగా పరిశోధనాలయములకే పరిమితములై యున్నవి. జనసామాన్యమునకు చేరిన వానిలో ముఖ్యమైనది కంటియద్దమే.

అంతకు మించిన కొఱత అలసట. మాఱుచు తిరిగివచ్చుచు నుండు అణువులలో ప్రతి పర్యాయమును ఏవో కొన్ని పైన చెప్పిన రెండవ మార్గమున పడి చెడిపోవును. ప్రాణవాయువు ఇందుకు తోడ్పడును. అందుచేతనే కాంతివర్ణక అద్దములు కొన్ని సంవత్సరములకు మునుపటివలె నల్లబడవు, కొంత పసుపుడాలు కూడ పట్టవచ్చును. రంగును కాపాడుటకు పాలిమరులో రక్షకద్రవ్యములను చేర్చుదురు. ఇచటను ఆశ్రయమే అణువునకు అండ. 1988లో జపాను శాస్త్రజ్ఞుడు మసహిరో ఇరియే ప్రకటించిన డైఅరైల్‌ఎథీను జాతిలో వేడికి చలింపక, కాంతికి మాత్రమే మాఱు అణువులు గలవు. వానిలో కొన్ని పదివేల పర్యాయములకు మించి మాఱి తిరిగివచ్చినను చెడవు. వ్రాతలను దాచియుంచుటకు అట్టివి తగును; కంటియద్దములకు తగవు, ఏలయన నీడకు చేరినంత తమంతట తాము తేటపడవు. ఏ పనికి ఏ అణువు, ఏ అణువునకు ఏ ఆశ్రయము అనునదియే ఈ శాస్త్రమునందలి ముఖ్యవిచారణ.

అద్దకపు రంగునకు పరీక్ష ఎండలో మాఱకుండుట. ఈ రంగులకు పరీక్ష మాఱుటయు, మాఱి మరల తన స్థితికి చేరుటయు. మొదటిదానిని నేతయిండ్లవారు తరతరములుగా ఎఱుగుదురు. రెండవదానిని వారి బిడ్డలు పాఠశాలలలో నేర్చుకొనవలసియున్నది. సోలాపురమునందలి బాలుడు నూలుపోగును చేతబట్టి, ఇదియు నొక పాలిమరే, ఇందు రంగుఅణువు ఎట్లు నిలిచినది, వెలుగును మ్రింగి దానిని ఏమి చేయుచున్నది అని తెలుగున ప్రశ్నింపగలిగిననాడు, ఆ ప్రశ్నకు కావలసిన మాటలు తెలుగున లేకపోలేదు.